మా ఇంట్లో జేజి

సలోమి ఫోను చేసినప్పుడు నేను చెనిక్కాయలు వేయిస్తున్నాను. "అక్కా, నాయనకు బాగలేదు. అన్నం మానేసినాడు. మైదుకూరు కాడ మగ్గమోళ్ళ పాపను చూడాల్నని ఒకటే పలవరిస్తాండాడు. ఆ పాప నువ్వే కదా?" అంది. నేనే. అరవై దాటి, కర్నూల్లో ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి, మోకాళ్ళు అరగదీసుకున్న మనిషిని ఇంకా ఎవరో పాప అంటున్నారంటే మామూలుగా అయితే నవ్వొచ్చేది. ఆ రోజు రాలేదు. సలోమి వాళ్ళ నాయన దేవదానం అయ్యగారు. నా తొమ్మిదో ఏట మా వీధికి వచ్చిన పాస్టరు. ఆయన బతికే ఉన్నాడని తెలుసు, డోన్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడనీ తెలుసు. కర్నూలు నుంచి డోనుకు గంటన్నర కూడా పట్టదు. ఆ గంటన్నర దూరం ఇన్నేళ్ళలో నేను పోలేదు. పోతే ఏమడుగుతానో అని నాకే భయం. చెనిక్కాయలు మాడిన వాసన ఇల్లంతా నిండాక గానీ పొయ్యి ఆర్పాలని తోచలేదు.

మాది మైదుకూరుకు దగ్గర్లో ఒక నేత ఊరు. వీధి వీధంతా మగ్గాలే. మా ఇంటికి ముందు గదిలో గుంత మగ్గం, నడిమింట్లో పొయ్యి, లోపల కిటికీ లేని చిన్న అర్ర. తెల్లారితే వీధిలో పడుగు నూలు బారుగా సాచి గంజి పట్టించేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఎండ ఎక్కేకొద్దీ ఆ రెండూ కలిసి ఆరిపోయే ఒక పొడి వాసన. ఇప్పటికీ ఇస్త్రీ బండి పక్కగా నడిస్తే నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి. నాయన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే మళ్ళీ సంగటి తినడానికే లేవడం. నూలును అటూ ఇటూ లాగే నాడె చప్పుడు కాసేపు ఆగితే పక్కింటివాళ్ళు కూడా "ఏమప్పా, ఏమాయె?" అని తొంగిచూసేవాళ్ళు.

అమ్మ మగ్గం పక్కనే రాట్నం వేసుకొని కండెలు చుట్టేది. ఎడమ దవడలో ఆకూ వక్కా, వాటి నడుమ పొగాకు కాడ. చేతులు నూలుతో, నోరు ఊరితో. మా అమ్మ నోరు ఆ వీధిలో పేరుమోసిన నోరు. నాయన తాగొచ్చిన పొద్దు ఆమె తిట్లు వినడానికి చేతిలో పని ఆపి కూర్చున్నవాళ్ళున్నారు. నీళ్ళకు పోతే నీళ్ళ కాడ కథ, కట్టెలకు పోతే కట్టెల కాడ కథ. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా టీచరమ్మ బడిలో చెబితే, ఇంటికొచ్చి అమ్మకు అప్పజెప్పాను. "ఊరే మంచిది కాకపోతే నా నోరేం జేస్తాది?" అని రాట్నం తిప్పుతూనే ఉంది. నేనీ మాత్రం మాటలు నేర్చి పిల్లకాయలకు చెప్పుకొని బతికానంటే అది ఆ రాట్నం దగ్గర దొరికిన మాటే.

లోపలి అర్రలో జేజి ఉండేది. మా సీమలో జేజి అంటే నాయనమ్మ. ఆ సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఈ కథంతా ఆ ఒక్క మాట దగ్గరే తిరిగింది కాబట్టి చెబుతున్నాను. జేజికి నడుము పడిపోయి మూడేళ్ళు, కళ్ళు సరిగా ఆనేవి కావు. అమ్మ పొద్దున్నే ఆమెకు నీళ్ళు పోసి, పాత చీరే అయినా ఉతికింది కట్టి, నొసట విబూది రాసి, కాళ్ళకు మొక్కేది. అత్తాకోడళ్ళకు పడదు మళ్ళీ. ఒకర్నొకరు అనుకునే మాటలు రాయడానికి పనికిరావు. అయినా మొక్కేది. జేజికి పెట్టందే మాకు సంగటి లేదు.

అయ్యగారు గుంటూరు వైపు నుంచి వచ్చాడు. సన్నగా, తెల్లటి చొక్కా, చంకలో నల్ల అట్ట బైబిలు. ఆయన చేసిన మేలు ముందు చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆయన వచ్చి నాలుగు నెలలు తిరక్కముందే నాయన మందు మానేశాడు. అది చిన్న మేలు కాదు. నాయన్ను పట్టుకున్నది ప్రార్థన కాదు, ఒక ప్రశ్న. ఒకరోజు మగ్గం గుంత అంచున కూర్చొని అయ్యగారు అడిగాడట, "నువ్వు నేసిన చీర మడిచిపెట్టి, దానికే దణ్ణం పెడతావా?" అని. నాయన నవ్వి, "అట్ల జేస్తే పిచ్చోడంటారు సామీ" అన్నాడు. "మరి నీలాంటి ఇంకొక పనివాడు చెక్కినదానికి పెడుతున్నావు కదా" అన్నాడు ఆయన. పనివాడికి పని భాషలో చెప్పిన మాట. ఆ రోజంతా నాయన సరిగా నేయలేదు. తర్వాత బాప్తిస్మాలు. ఓబులమ్మ అనే మా అమ్మ మార్తమ్మ అయింది. గూట్లో పటాలు కె.సి. కాలవలో కలిశాయి. జేజి మాత్రం "నా నొసలు నాది, మీ సామికి దాంతో ఏం పని?" అంది. ముసిల్ది, పోనీలే అని నాయన ఊరుకున్నాడు. అమ్మ విబూది రాయడం మానలేదు. రాయకపోతే జేజి అన్నం ముట్టదు.

అయ్యగారి బోధ అంతా ఒకే దారిలో నడిచేది. మనిషి దేనికి మొక్కితే దాని మాదిరే అయిపోతాడు. చేసిపెట్టిన బొమ్మకు కళ్ళుంటాయి, చూడదు. చెవులుంటాయి, వినదు. నోరుంటుంది, పలకదు. దాన్ని నమ్ముకున్నవాడి కళ్ళూ నోరూ కూడా మెల్లగా అట్లే పడిపోతాయి. నరకం తర్వాతి మాట, శిక్ష ఇక్కడే మొదలవుతుంది, ఆత్మ మొద్దుబారిపోవడమే శిక్ష అనేవాడు. ఆ బోధ తప్పని నేను ఈ రోజుకీ అనను. ఇప్పటికీ ఆదివారం వెనక వరసలో కూర్చుంటాను. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకు ఆత్మ అంటే ఏం తెలుసు? నోరు పడిపోతుందంటే నోరే పడిపోతుందని అనుకున్నాను. పెద్దవాళ్ళూ అదే అనుకున్నారు. అదే మా పాపం.

ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లల కూటం అయ్యాక, ప్రార్థన జరిగే కొట్టం బయట అయ్యగారు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చేతిలో రంగుల బొమ్మ కాగితం పెట్టి, చిన్నపిల్లతో మాట్లాడుతున్నాననుకొని, వాళ్ళ వైపు పిల్లల మాటలో మెత్తగా అడిగాడు.

"పాపా, మీ ఇంట్లో ఇంకా జేజి ఉందా?"

"ఉండాది" అన్నాను.

"ఎక్కడ?"

"లోపలర్రలో."

"ఎవరైనా దణ్ణం పెడతారా?"

"అమ్మ పెడ్తాది. దినామూ నీళ్ళు పోసి, విబూది రాసి, కాళ్ళకు మొక్కుతాది. ముందు జేజికి పెట్టినాకే మేం తినేది."

"నాన్నకు తెలుసా?"

"ఓ, తెలుసు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నిజం చెప్పావు, మంచిపిల్లవి" అన్నాడు. వారం రోజులు ఆ మెప్పుతో కాళ్ళు నేల మీద ఆనలేదు. గుంటూరు వైపు పిల్లల మాటలో జేజి అంటే దేవుడని నాకు పద్దెనిమిదో ఏట టీచరు ట్రైనింగులో తెలిసింది. పక్క మంచం గుంటూరు పిల్ల ఊరి నుంచి తెచ్చుకున్న దేవుడి పటం గోడకు తగిలించి, "జేజికి దణ్ణం పెట్టుకొని పరీక్షకు పోదాం" అంది. నేను ఆ పరీక్ష రాయలేదు.

అమ్మ మాట తగ్గడం ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు. ఎక్కువ మాట్లాడే మనిషి తక్కువ మాట్లాడితే ఇంట్లోవాళ్ళకు హాయి కదా, కీడని ఎందుకు తోస్తుంది? మొదట పాటలు మానింది. తర్వాత తిట్లు మానింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకొని సైగలు చేసేది. సంగటి మాని జావ, జావ మాని మజ్జిగ. జేజి ఒక్కతే అంది. పొద్దున అమ్మ వంగి కాళ్ళకు మొక్కుతుంటే జేజి చెయ్యి ఆమె చెంపకు తగిలింది. "ఓబులమ్మ దవడ కాలుతాండాది. వాచుండాది గూడా. చూడండ్రా ఎవరన్నా" అని అరిచింది. విబూది పూసుకునే ముసలామె మాట ఆ ఇంట్లో అప్పటికే చెల్లడం మానేసింది.

ఆరాధనలో అమ్మ కొంగు అడ్డంపెట్టుకొని పాడకుండా కూర్చున్న రోజున అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆగి కళ్ళు మూసుకున్నాడు. "మన మధ్య ఒక ఇల్లుంది. ఆ ఇంటి లోపలి గదిలో ఒక విగ్రహముంది. దానికి రోజూ స్నానం చేయించి, బూడిద పెట్టి, ఆహారం పెడుతున్నారు. ఈ సంగతి పరిశుద్ధాత్మ నాకు బయలుపరిచాడు" అన్నాడు. ఆయన కళ్ళు తెరిచి, "మార్తమ్మా, నీ దగ్గర దాచిందేమైనా ఉందా?" అని అడిగాడు. అమ్మ తల దించుకుంది. నడుముకు దోపుకున్న తిత్తిలో పొగాకు కాడ ఉంది మరి. బాప్తిస్మం నాడు పొగాకు మానేశానని అందరి ముందూ చెయ్యెత్తి చెప్పింది. నొప్పికి తట్టుకోలేక మళ్ళీ అదే పెట్టుకుంటోంది. ఆ తలవంపు చూసి నాయన ముఖం నల్లబడింది. అందరికీ సాక్ష్యం దొరికిపోయింది. విగ్రహమంటే రాయో రాగో అనుకున్నారే గానీ, లోపలర్రలో విబూదితో పడున్న ముసిల్ది ఎవరికీ తోచలేదు.

అక్కణ్ణించి మా ఇల్లు ఇల్లు కాదు. అయ్యగారు, ఇద్దరు సంఘం పెద్దలు, నాయన కలిసి వెతికారు. గాదె కింద, అటక మీద, జొన్నల కుండల్లో. లోపలి అర్రలోకి వచ్చి చీకట్లో తడుముతుంటే, జేజిని పక్కకు జరపడానికి నన్ను పిలిచారు. నేను పోయి, "జేజీ, ఇట్ల జరుగు. జేజీ, అయ్యగారొచ్చినాడు" అన్నాను. అయ్యగారు గోడవైపు ఉన్న తలను తిప్పి నన్ను చూశాడు. తర్వాత జేజి నొసటి విబూదిని చూశాడు. మళ్ళీ నన్ను. ఆ చూపు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆయన ఏదో మరిచిపోయి గుర్తు తెచ్చుకుంటున్నాడనుకున్నాను. జేజి, "ఏం ఎతుకుతాండారప్పా? పోయిందేందో చెప్తే యాడుందో నేను చెప్తా కదా" అంది. ఆయన మళ్ళీ గోడవైపు తిరిగి, "ఇంకా వెతకండి" అన్నాడు.

ఇంట్లో ఏమీ దొరక్కపోతే పాపం ఇంకా లోతుగా ఉందని అర్థం. మూడు వారాలు ఉపవాస ప్రార్థనలు. అమ్మను మధ్యలో కూర్చోబెట్టి తల మీద చేతులు పెట్టి గట్టిగా గద్దించేవాళ్ళు. అప్పుడు పిల్లలను బయటికి తరిమేవాళ్ళు. దయ్యం నోట్లోంచి బయటికొస్తుందని, ఎదురుగా చిన్నపిల్లలుంటే వాళ్ళలో దూరుతుందని. వీధిలో మరొక తీర్పు నడుస్తుండేది. చౌడమ్మ పటాన్ని కాలవలో కలిపినందుకు అమ్మవారే ఓబులమ్మ నోరు కట్టిందని, ఒక నల్లకోడి కోస్తే విడుస్తుందని. ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒక్క విషయంలో ఒకటే. నోరు పడిపోవడం దైవం వేసిన శిక్ష. ఏ దైవమన్నదే పేచీ. ఇంతమంది అమ్మ నోటి గురించే మాట్లాడారు. అమ్మా, ఒకసారి నోరు తెరువు అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు.

చివరికి నాయనకు మగ్గం మీద అనుమానం వచ్చింది. దసరాకు పసుపు పూసి మొక్కిన మగ్గమే కదా. నేసిన బట్ట చుట్టుకునే దోనె మీద ఏనాటిదో పసుపు మరక కత్తితో గీకాడు. చెక్క తెల్లగా బయటపడేదాకా గీకాడు. ఆ మధ్యాహ్నం మగ్గం విప్పి గోడకు పేర్చి, గుంతలో దిగి గడ్డపారతో తవ్వడం మొదలుపెట్టాడు. మగ్గం నిలబెట్టేనాడు వాళ్ళ తాత అడుగున ఏదో పూడ్చి ఉంటాడని. చెమటలు కారుతుండగా, "యాడుందో చూపియ్యి తండ్రీ, యాడుందో చూపియ్యి" అని ఏడుస్తూ తవ్వాడు. మగ్గం మీది పడుగు సగం నేసిన చీరతో సహా మట్టిలో పడి ఉంది. దొరికింది రెండు పెంకులు, ఒక విరిగిన కండె. నాయన ఏడుపు చూసింది నేను అదొక్కసారే. ఆ మనిషి మీద నాకు కోపం రాదు. భార్యను బతికించుకోవడానికి తన బతుకుదెరువును తన చేత్తో తవ్విపోసుకున్నాడు. తప్పు చోట తవ్వాడు, అంతే.

మజ్జిగ కూడా మింగలేని రోజు వచ్చాక కడపకు తీసుకుపోయారు. పెద్దాసుపత్రిలో డాక్టరు బల్ల మీద కూర్చోబెట్టి, దవడ పట్టి, టార్చి వేసి చూశాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. దీపం ఆర్పి నాయన్ను చూసి, "ఇన్ని నెలలు ఏం చేస్తాండారు?" అన్నాడు. నాయన ఏం చెప్తాడు? వెతుకుతుండినాము అని చెప్తాడా? పుండు నాలుక కింద మొదలై దవడ ఎముక దాకా పోయింది. అమ్మ ఆ నెల దాటలేదు. జేజి ఆ తర్వాత నొసట విబూది రాయించుకోలేదు, రాయడానికి చెయ్యి లేక. నాయన మళ్ళీ మగ్గం నిలబెట్టలేదు. మంగంపేట గనుల్లో రాయి మోయడానికి పోయాడు. ఆదివారం రాగానే తెల్లచొక్కా వేసుకొని ఎక్కడున్నా ఏదో ఒక చర్చికి పోయేవాడు. ఏం ప్రార్థించేవాడో నేనెప్పుడూ అడగలేదు.

నా మట్టుకు నాకు ఒక పిచ్చి పట్టుకుంది. పిల్లల్ని, మనవల్ని, బడిలో పిల్లకాయల్ని, ఎవరు కాస్త మూతి ముడుచుకు కూర్చున్నా "నోరు తెరువు, చూద్దాం" అంటాను. నా వెనకాల నోరుతెరువు టీచరని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఇప్పుడు ప్రతి చేతిలో దీపమున్న ఫోనుంది, ప్రతి ఊళ్ళో పళ్ళ డాక్టరున్నాడు. అయినా మొన్న మా వీధిలో ఒకామె రొమ్ములో గడ్డకు ఫోనులో ప్రార్థన చేయించుకుంటోంది, వాళ్ళ ఎదురింటామె అదే మాదిరి గడ్డకు గుమ్మానికి నిమ్మకాయ కడుతోంది. ఇద్దరినీ తిట్టి ఆటో ఎక్కించాను. కాలం మారిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దీపం దొరికింది, అంతే. చూడాలన్న బుద్ధి మనిషి మనిషికీ మళ్ళీ కొత్తగా పుట్టాల్సిందే.

డోన్‌లో సలోమి ఇల్లు స్టేషన్ వెనక. బండ్లు కూసినప్పుడల్లా కిటికీ రెక్కలు వణికేవి. అయ్యగారు మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. గుంటూరు మాట ఎప్పుడో పోయింది, పూర్తిగా మా మాటే. సలోమి కాఫీ పెట్టడానికి లోపలికి పోగానే, నా చెయ్యి పట్టుకొని గబగబా మొదలుపెట్టాడు, ఎవరో తరుముకొస్తున్నట్టు.

"ఒక మాట అడిగింటి తల్లీ నిన్ను. కొట్టం బయట. నీకు గుర్తుండాదా?"

"ఉండాది."

"జేజి అంటే మీకు నాయనమ్మని నాకు అప్పుడు తెలీదు."

"అది నాకెప్పుడో తెలుసు అయ్యగారూ. తెలియక అడిగినారు. దానికి మీరు బాధపడాల్సిన పని లేదు." నిజంగానే అట్లనే అనుకుంటూ బతికాను. తెలియనితనం, నాదీ ఆయనదీ. ఆ ఒక్క మాటను పట్టుకొని ఆయన్ను ఎన్నోసార్లు క్షమించాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "లోపలర్రలో నువ్వు జేజీ అని పిలిచినావు చూడు, అప్పుడే తెలిసిపాయ. ఆ నిమిషమే. అయినా ఇంకా ఎతకమంటి. ఆత్మ నాకు చెప్పినాడని అందరి ముందర చెప్పింటి కదా. చెప్పింది ఒక చిన్నపిల్ల అని ఎట్ల చెప్పేది? నా మాట అబద్ధమైతే ఇంగ ఎవరు నమ్ముతారు, మీ నాయన మళ్ళా తాగుతాడు, సంఘం చెదిరిపోతాది, ఇట్లా ఏందేందో అనుకొంటి. ఆ మూడు వారాలూ నాకు తెలుసు, ఆ ఇంట్లో ఏమీ లేదని. తెలిసే గద్దించినా మీ అమ్మను."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏళ్ళ తరబడి క్షమించిన మనిషి వేరు, మంచం మీదున్న మనిషి వేరు.

"ఆ ఇంట్లో విగ్రహం ఉండె తల్లీ" అన్నాడు మళ్ళీ. "నా మాటే. దానికే మొక్కినా. దాని మాదిరే ఐపోయినా. కళ్ళుండీ చూడలా."

ఒళ్ళు మండిపోయింది. "ఆ మాట ప్రసంగంలో బాగుంటాది, అయ్యగారూ. నా ముందర వద్దు. మా అమ్మ ప్రసంగం కాదు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా లేచిందని లోపల గిన్నెల చప్పుడు ఆగిపోతే గానీ తెలియలేదు. ఆయన బెదిరిన పిల్లాడిలా చూశాడు. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకునే శక్తి కూడా లేదు.

"నన్ను తిట్టు తల్లీ. చెప్పుతో కొట్టు. ఆ ప్రభువు ముందర నిలబడాల రేపో మాపో. ఏమని చెప్పేది? నువ్వే చెప్పు. ఆ పొద్దు నేను నోరు విప్పింటే మీ అమ్మ బతికిండునా?"

బతికి ఉండేదని అనాలనుంది. ఆ మాట ఆయన గుండెల్లో దిగబడేలా అని, లేచి రైలెక్కాలనుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట ఆయనొక్కడికే చెందితే కదా అనడానికి. నా దగ్గరా దాచిందొకటి ఉంది. నా మొగుడికి చెప్పలేదు, నా పిల్లలకు చెప్పలేదు, వెనక వరసలో మోకరించి దేవుడికి కూడా సూటిగా చెప్పలేదు. ఆయనకు చెప్పాను.

నాయన మగ్గం గుంత తవ్వుతున్న ఆ మధ్యాహ్నం అమ్మ నా చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది. ఎండ బాగా పడే చోట రోలు మీద కూర్చుంది. నన్ను రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. కొంగు తీసేసింది. నా గడ్డం పట్టి నా ముఖం తన ముఖానికి దగ్గరగా తిప్పుకుంది. వెలుగు లోపలికి పడేటట్టు తల వెనక్కి వాల్చి, నొప్పికి కళ్ళు చిట్లించి, నోరు తెరిచింది. వేలు పెట్టి చూపించింది. మాట రాక, చూడు, చూడు అని గొంతులోనే మూలిగింది. దయ్యం బయటికొస్తా ఉందనుకున్నాను. రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకొని, "వద్దమ్మా, నాకు పడ్తాది, మూసుకో, మూసుకో" అని ఏడ్చాను.

మూసుకుంది.